సంధి అతుకా, ఆనవాలా? తెలుగు వాక్ప్రవాహంలో పదసీమల గుర్తింపు

సైబరాబాద్ కార్యాలయాల తెలుగులో నిత్యం వినిపించే వాక్యం ‘మెయిల్ చదివి కాల్ చేశాడు’. దాని పక్కన ‘ఉత్తరం చదివి కాల్చేశాడు’ అన్న వాక్యాన్ని ఉంచి చూడవచ్చు. రాతలో మొదటి వాక్యం చివర రెండు పదాలున్నాయి, రెండవదాని చివర ఒకటే ఉంది. సంభాషణ వేగంలో పలికినప్పుడు మాత్రం ఈ రెండు చివరలకూ ధ్వనిలో తేడా దాదాపు మిగలదు. ల-కారానికీ చ-కారానికీ నడుమ విరామం రెండింటిలోనూ ఉండదు. అయినా తెలుగు తెలిసినవారు మొదటి వాక్యం విని ఎవరో దేన్నో తగులబెట్టారని అనుకోరు. చెవికి అందని సీమను వారు ఎక్కడి నుంచి తెచ్చుకుంటున్నారు?

తెలుగు వ్యాకరణం పదాల కలయికను ఎంతో సూక్ష్మంగా వర్ణించింది. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) మొదలుకొని నేటి పాఠ్యపుస్తకాల వరకు సంధి ప్రకరణానిది ప్రధాన స్థానం. అయితే ఆ వర్ణన మాట్లాడేవారి వైపు నుంచి జరిగింది. పూర్వపదం ఇది, పరపదం ఇది, కలిస్తే రూపం ఇది అన్న క్రమంలో సూత్రం నడుస్తుంది. వినేవారికి అందేది చివరి రూపం ఒక్కటే. అక్కడి నుంచి వెనక్కి నడిచి రెండు పదాలను వేరు చేసుకోవడం వారి పని. సంధిసూత్రాలను శ్రోత వైపు నుంచి తిరగేసి చదివితే కొన్ని సూత్రాలు పదసీమను చెరిపివేస్తాయని, మరికొన్ని ఆ సీమనే చాటి చెబుతాయని తేలుతుంది. ఈ విభజనను గుర్తించకపోవడం వ్యాకరణ బోధనకూ, తెలుగు వినడం నేర్చుకుంటున్న యంత్రాలను తూచే పద్ధతికీ లోపంగా పరిణమించిందన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

విరామం లేని చోట సీమ

అచ్చులో పదాల నడుమ కనిపించే ఖాళీ జాగా మాటలో కూడా ఉంటుందన్న భావన అక్షరాస్యుల్లో బలంగా ఉంది. ధ్వనితరంగాన్ని పరిశీలిస్తే పరిస్థితి ఇందుకు భిన్నంగా కనిపిస్తుంది. ‘పట్టు’, ‘అక్క’ వంటి పదాల్లో ద్విత్వ స్పర్శాన్ని పలికేటప్పుడు నోటి మార్గం పూర్తిగా మూసుకుని, క్షణకాలం నిశ్శబ్దం ఏర్పడుతుంది. అది పదమధ్యంలోని నిశ్శబ్దం. ‘వాడు వచ్చాడు’ అన్నది ‘వాడొచ్చాడు’గా పలికినప్పుడు పదసీమ వద్ద నిశ్శబ్దం ఏమాత్రం ఉండదు. నిశ్శబ్దాన్ని నమ్ముకుని కోసేవారు పదాన్ని నడుమకు విరిచి, రెండు పదాలను ఒకటిగా వదిలేస్తారు.

తెలుగు లేఖన చరిత్ర కూడా ఇదే చెబుతుంది. తాళపత్ర ప్రతుల్లో అక్షరాలు ఎడతెగకుండా సాగుతాయి. చదివేవారు తమ భాషాజ్ఞానంతో పదాలను విడదీసుకోవలసిందే. పదాల మధ్య క్రమబద్ధంగా జాగా వదలడం అచ్చుయంత్రంతో స్థిరపడిన అలవాటు. కాబట్టి నేటి పాఠకులు పదసీమ అని చూస్తున్నది లేఖన సంప్రదాయం చేసిన ఒక నిర్ణయాన్ని. ఆ నిర్ణయం పలుమార్లు శ్రోత చేసే విభజనతో ఏకీభవిస్తుంది. అన్నివేళలా ఏకీభవించాలన్న నియమం లేదు.

మాత్ర కొలిచే చెవి

శ్రోత తన భాష లయను ఆధారం చేసుకుని ప్రవాహాన్ని విభజిస్తాడన్న సిద్ధాంతం మనోభాషాశాస్త్రంలో గత శతాబ్ది చివరి పాదంలో రూపుదిద్దుకుంది. జాక్ మెలెర్, ఆయన సహచరులు 1981లో ఫ్రెంచి శ్రోతలు అక్షరభాగాన్ని, అంటే సిలబుల్‌ను, ఆసరా చేసుకుంటారని చూపారు. ఆన్ కట్లర్, డెనిస్ నోరిస్ 1988లో ఆంగ్ల శ్రోతలు బలంగా ఊనిన అక్షరభాగాన్ని పదారంభంగా భావిస్తారని ప్రతిపాదించారు. తకాషి ఒటాకే బృందం 1993లో జపనీస్ శ్రోతల ప్రమాణం ‘మోరా’ అని నిరూపించింది. జపనీస్‌లో ‘తన్షి’ అన్న పదంలో న-కారపు పొల్లు తానే ఒక మోరా. ‘తనిషి’లో అదే న-కారం ‘ని’ అన్న మోరాలో భాగం. అందుకే ‘తన్’ అన్న ఖండాన్ని వెతకమన్నప్పుడు వారు మొదటి పదంలో సులువుగానూ, రెండవదానిలో కష్టంగానూ గుర్తించారు.

మోరా అన్న భావన తెలుగు ఛందస్సు చదివినవారికి కొత్తది కాదు. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలు అన్న లెక్క అదే కొలత. ఈ సామ్యాన్ని ప్రయోగానికి పెట్టిన పరిశోధన లలితా మూర్తి, తకాషి ఒటాకే, ఆన్ కట్లర్ 2007లో ‘లాంగ్వేజ్ అండ్ స్పీచ్’ పత్రికలో ప్రచురించినది. జపనీస్ తెలియని తెలుగువారికి జపనీస్ మాటలు వినిపించగా, వెతకవలసిన ఖండం మాత్ర సరిహద్దుతో పొసగని చోట వారు కూడా జపనీయుల లాగానే తడబడ్డారు. బంధుత్వం లేని రెండు భాషల శ్రోతలు, లయసామ్యం వల్ల, ఒకే తీరున విన్నారన్నది ఆ పరిశోధన సాధించిన ముఖ్య ఫలితం.

ఆ వ్యాసంలోనే తెలుగు అధ్యయనానికి మరింత ముఖ్యమైన అంశం ఒకటుంది. తెలుగు శ్రోతలు తెలుగునే విన్నప్పుడు ఫలితాలు మిశ్రమంగా వచ్చాయి. పరాయి భాషలో స్పష్టంగా కనిపించిన మాత్రాధారం సొంత భాషలో అంత స్పష్టంగా కనిపించలేదు. దీనికి ఒక వివరణ ఊహించవచ్చు. తెలియని భాషను వినేవారికి లయ తప్ప మరో ఆధారం లేదు. తెలిసిన భాషలో పదకోశం, ప్రత్యయాలు, సంధిరూపాలు అన్నీ ఏకకాలంలో సాక్ష్యం చెబుతాయి. లిపి ప్రభావాన్ని కూడా తోసిపుచ్చలేము. ‘చెప్పు’ అన్న పదం మాత్రల లెక్కలో చె-ప్-పు. తెలుగు లిపి మాత్రం దాన్ని చె-ప్పు అని రెండు అక్షరాలుగా చూపుతుంది. చదువుకున్న శ్రోత చెవిలో ఈ రెండు విభజనలూ పోటీ పడే వీలుంది.

గణాంక పద్ధతి కూడా తెలుగులో నేరుగా పదం వద్దకు చేర్చదు. జెన్నీ సాఫ్రన్, రిచర్డ్ ఆస్లిన్, ఎలిసా న్యూపోర్ట్ 1996లో ప్రకటించిన ప్రయోగంలో ఎనిమిది నెలల శిశువులు కేవలం రెండు నిమిషాల కృత్రిమ ధ్వనిప్రవాహం విని, ఏ ధ్వని తరువాత ఏది తరచుగా వస్తుందన్న లెక్కతో పదఖండాలను పట్టుకోగలిగారు. తెలుగు ప్రత్యయాలతో పెరిగే భాష. ‘ఇంట్లో, ఊళ్లో, బడిలో’ అని వినే శిశువుకు ‘లో’ కూడా తరచుగా పునరావృతమయ్యే ఖండమే. గణాంకం ప్రత్యయసీమను, పదసీమను ఒకే గాటన కట్టివేస్తుంది. ఆ రెండింటినీ వేరు చేయడానికి తెలుగు వర్ణక్రమం, సంధి అందించే ఆధారాలు అవసరమవుతాయి.

సంధిసూత్రాలు శ్రోత వైపు నుంచి

నికొలాయ్ త్రుబెత్‌స్కోయ్ మరణానంతరం 1939లో వెలువడిన వర్ణశాస్త్ర గ్రంథంలో ‘సీమాసంకేతాలు’ అన్న భావనను చర్చించాడు. కొన్ని ధ్వనులు సీమ ఇక్కడ ఉందని చెబుతాయి, మరికొన్ని ఇక్కడ లేదని చెబుతాయి. ఈ దృష్టితో చూస్తే తెలుగులో వ్యతిరేక సంకేతాలు బలంగా ఉన్నాయి. ణ, ళ వర్ణాలతో తెలుగు పదాలు మొదలుకావు. ద్విత్వంతో పదారంభం లేదు. కాబట్టి ‘ళ’ వినిపించిన వెంటనే పదం ఇంకా ముగియలేదని, లేదా అప్పుడే మొదలు కాలేదని శ్రోతకు తెలుస్తుంది. స్వరసమత కూడా ఇటువంటి ఆసరా ఇస్తుంది. ‘హరికి, గురువుకు’ అన్న జంటలో కి, కు భేదం ముందున్న అచ్చును బట్టి వస్తుంది. ప్రత్యయం వెనుక పదానికి చెందిందన్న సమాచారం ఆ అచ్చులోనే ఉంది.

ఇక సంధులు. ఉకార సంధి సీమను చెరిపే సంధుల్లో ప్రధానమైనది. ‘వాడు + అక్కడ’ అన్నది ‘వాడక్కడ’ కాగానే పూర్వపదం చివరి అచ్చు మాయమై, దాని హల్లు పరపదం మొదటి అచ్చుతో ఒకే అక్షరంగా కలిసిపోతుంది. వ్యవహారంలో అచ్చుకు ముందే కాక హల్లుకు ముందు కూడా ఈ లోపం జరుగుతుంది. ‘పాలు లేవు’ అన్నది ‘పాల్లేవు’, ‘ఇల్లు లేదు’ అన్నది ‘ఇల్లేదు’ అవుతాయి. ద్విత్వం పదమధ్యానికి గుర్తు అని నమ్మిన శ్రోతను ‘పాల్లేవు’ అన్న రూపం పక్కదారి పట్టించాలి. పట్టించకపోవడానికి కారణం ‘పాల్లే’ అని మొదలయ్యే మరో పదం పోటీకి లేకపోవడమే. సీమ చెరిగిన చోట పదకోశం దాన్ని తిరిగి గీస్తుంది. పదకోశంలో పోటీ ఉన్నప్పుడు సందిగ్ధత తప్పదు. ‘పాలేరు’ అన్న ధ్వనిసమూహం వ్యవసాయ పనివాడు కావచ్చు, పాల ఏరు కావచ్చు. సందర్భం తీర్పు చెప్పేదాకా రెండూ సాధ్యమే.

దీనికి ఎదుటి వైపున సరళాదేశం, గసడదవాదేశం ఉన్నాయి. ‘తల్లి, తండ్రి’ కలిసి ‘తల్లిదండ్రులు’ అయినప్పుడు త-కారం ద-కారమైంది. ‘కూర, కాయ’ కలిసి ‘కూరగాయలు’ అయినప్పుడు క-కారం గ-కారమైంది. వ్యాకరణం దీన్ని కలయికలో జరిగిన మార్పుగా వర్ణిస్తుంది. శ్రోతకు ఇది ఒక సమాచారం. ‘దండ్రులు’ అన్న రూపం వాక్యారంభంలో రాదు. అది వినిపించిందంటే ఇక్కడ ఒక పదం మొదలైందని, దాని వెనుక మరొకటి ఉండి తీరాలని ఒకేసారి తెలుస్తుంది. ‘తేనెటీగ’లోని టుగాగమం కూడా ఇంతే. ‘తేనె’లోనూ ‘ఈగ’లోనూ లేని ట-కారం అతుకు మీద నిలిచి అతుకును చూపిస్తుంది. గ, ద, జలతో మొదలయ్యే దేశ్యపదాలు స్వతంత్రంగా కూడా ఉన్నందువల్ల ఇవి తిరుగులేని సంకేతాలు కావన్నది నిజం. తూకం ఎటు మొగ్గాలో చెప్పడానికి మాత్రం చాలినంత బలమైనవి.

మొదట చూసిన వాక్యాన్ని తెలంగాణ వ్యవహారంలో పెట్టి చూస్తే ఈ విషయం మరింత స్పష్టపడుతుంది. ‘పని జేసిండు’, ‘ఏం జేస్తున్నవ్’ అనే అలవాటున్న నోట ఆ వాక్యం ‘మెయిల్ చదివి కాల్ జేసిండు’ అవుతుంది. తగులబెట్టిన సందర్భంలో ‘కాల్చేసిండు’ అన్న రూపంలో చ-కారం నిలుస్తుంది. అది ‘కాల్చు’ ధాతువులోని వర్ణం కనుక దానికి పదాది సరళాదేశం వర్తించదు. ప్రమాణ భాషగా చలామణిలో ఉన్న రూపం చెవికి వదిలేసిన సందిగ్ధతను ఈ మాండలిక రూపం ఒక్క వర్ణంతో తీర్చింది. ఈ జ-కారం అందరి నోటా అన్నివేళలా రాదు. వచ్చిన చోట మాత్రం అది పదసీమకు నిలబెట్టిన పొలిమేరరాయి. ఉచ్చారణ శైథిల్యంగా లెక్కగట్టి ‘దిద్దబడుతున్న’ రూపమే శ్రోతకు ఎక్కువ సమాచారం ఇస్తోందన్నది ఇక్కడ గమనించవలసిన సంగతి.

లాక్షణికులు విన్నది

వ్యాకరణం శ్రోతను పట్టించుకోలేదన్నంత మాత్రాన తెలుగు సంప్రదాయం మొత్తం పట్టించుకోలేదని అర్థం కాదు. ఛందశ్శాస్త్రం పట్టించుకుంది. ‘వాడు + ఏగె’ కలిసి ‘వాడేగె’ అయిన చోట యతిస్థానంలో ‘డే’ పడిందనుకుంటే, స్వరయతిలో డ-కారాన్ని పక్కన పెట్టి ఏ-కారానికే మైత్రి చూస్తారు. ‘డే’లో పరపదం మొదటి అచ్చు చెవికి వేరుగా వినిపిస్తుందని, అంటే శ్రోత అప్పటికే సంధిని విడదీసుకున్నాడని, ఈ నియమం అంగీకరిస్తోంది. అఖండయతి ఇందుకు భిన్నం. అక్కడ కలిసిన అక్షరాన్ని కలిసినట్టుగానే తీసుకుంటారు. అఖండయతి గ్రాహ్యమా కాదా అని లాక్షణికుల నడుమ సాగిన వాదాన్ని సాధారణంగా కవిస్వేచ్ఛకు సంబంధించిన తగాదాగా బోధిస్తారు. చెవి వినేది ధ్వనిరూపాన్నా, విడదీసుకున్న పదాన్నా అన్న ప్రశ్న ఆ వాదం అడుగున ఉంది.

సభంగశ్లేష మరో సాక్ష్యం. పింగళి సూరన రాఘవపాండవీయంలో ఒకే పద్యం రామకథగానూ భారతకథగానూ నడవడానికి ఆధారాల్లో ఒకటి, ఒకే ధ్వనిక్రమాన్ని రెండు చోట్ల విరవగలగడం. సీమ ధ్వనిలోనే స్థిరంగా ఉండి ఉంటే అటువంటి కావ్యం సాధ్యమయ్యేది కాదు. వ్యాఖ్యాతలు మొదట పదచ్ఛేదం చేసి, తరువాత అన్వయం చూపడం వెనుక ఉన్న అవగాహన కూడా ఇదే.

యంత్రం లెక్కపెట్టే పదం

ఈ చర్చ తెలుగు శాఖల గోడలు దాటి హైటెక్ సిటీ చుట్టూ ఉన్న పరిశోధనశాలలకు చేరవలసిన అవసరం నేడు ఏర్పడింది. సైబర్ టవర్స్ ప్రారంభమైన 1998లోనే గచ్చిబౌలిలో అంతర్జాతీయ సమాచార సాంకేతిక సంస్థ, అంటే ట్రిపుల్ ఐటీ, నెలకొంది. అక్కడి భాషా సాంకేతిక పరిశోధన కేంద్రం తెలుగు వాక్కుపై ఏళ్ల తరబడి పనిచేస్తోంది. జనబాహుళ్యం నుంచి 2000 గంటల తెలుగు మాటను సేకరించే లక్ష్యంతో ఒక ప్రయత్నం కూడా అక్కడ సాగింది. సమీపంలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయం అనువర్తిత భాషాశాస్త్ర కేంద్రంలో తెలుగు పదరూప విశ్లేషకం రూపొందింది. మాటను రాతగా మార్చే యంత్రానికి కావలసిన రెండు ముడిసరుకులు, విన్న ధ్వని, విడదీసిన పదం, ఈ రెండు ప్రాంగణాల్లోనూ సిద్ధమవుతున్నాయి.

యంత్రం పనితీరును కొలిచే ప్రధాన ప్రమాణం పదదోష శాతం. మనుషులు రాసిపెట్టిన మూలపాఠంతో యంత్రం ఇచ్చిన పాఠాన్ని పోల్చి, మారిన, తప్పిపోయిన, అదనంగా చేరిన పదాలను కూడి, మూలంలోని పదాల సంఖ్యతో భాగిస్తారు. ఇక్కడ పదం అంటే రెండు ఖాళీల నడుమ ఉన్నది. మూలపాఠం ‘నాన్న రేపు వస్తాడు అని చెప్పింది అమ్మ’ అనుకుంటే అందులో పదాలు 6. యంత్రం ‘నాన్న రేపు వస్తాడని చెప్పింది అమ్మ’ అని ఇస్తే ‘వస్తాడు’ మారింది, ‘అని’ తప్పిపోయింది. దోషాలు 2, శాతం 33. అదే యంత్రం ‘రేపు’కు బదులు ‘మాపు’ అని విని మిగతాదంతా సరిగా ఇచ్చి ఉంటే దోషం 1, శాతం 17. రోజును మార్చేసిన పొరపాటుకు పడిన శిక్ష, చక్కగా విని సంధి చేసి రాసినందుకు పడిన శిక్షలో సగం.

పదాలకు బదులు అక్షరాలను లెక్కపెడితే సమస్య తీరుతుందన్న సమాధానం తరచుగా వస్తుంది. ‘వస్తాడని’ విషయంలో దోషం తగ్గుతుందన్నది నిజమే. అయితే ‘మెయిల్ చదివి కాల్ చేశాడు’ అన్న మాటను యంత్రం ‘మెయిల్ చదివి కాల్చేశాడు’ అని రాస్తే, అక్షరాల లెక్కలో ఒక ఖాళీ జాగా తప్ప తేడా లేదు. ఖాళీని లెక్కలోకి తీసుకోకపోతే దోషం సున్నా. పదాల లెక్క నిరపాయమైన సంధిని నేరంగా చూస్తుంది. అక్షరాల లెక్క అర్థాన్ని తలకిందులు చేసిన విభజనను చూడనే చూడదు. పదసీమను లేఖన జాగాతో సమానం చేసిన దోషమే రెండింటికీ మూలం.

మూలపాఠం తయారీలో ఇంకొక నష్టం పొంచి ఉంది. ‘అట, కదా, లే’ వంటి మాటలను ముందు పదానికి కలపాలా, విడిగా రాయాలా అన్నదానికి అచ్చు తెలుగులో నిలకడైన నియమం లేదు. మాండలిక రూపాలను ప్రమాణ రూపాలకు మార్చి రాసే పద్ధతి పాటిస్తే ‘కాల్ జేసిండు’ కాస్తా ‘కాల్ చేశాడు’ అవుతుంది. తెలంగాణ వక్త నోట ఉన్న సీమాసంకేతం యంత్రానికి చేరకముందే చెరిగిపోతుంది. జ-కారం విన్న చోట చ-కారం రాయడం నేర్చుకున్న యంత్రం ఆ భేదాన్ని అనవసర వైవిధ్యంగా పరిగణిస్తుంది. గొంతుతో అర్జీ చెప్పుకొనే, సమాచారం అడిగే సేవలు పెరిగేకొద్దీ, ఎవరి మాట సరిగా వినబడుతుంది, ఎవరిది వినబడదు అన్న ప్రశ్న ఈ లేఖన నిర్ణయాలతో ముడిపడి ఉంటుంది.

సంహిత, పదపాఠం

ఈ చిక్కుకు నమూనా పరిష్కారం భారతీయ భాషాచింతనలో ఎప్పటి నుంచో ఉంది. ఋగ్వేదానికి సంహితాపాఠం ఒకటి, శాకల్యుడు కూర్చిన పదపాఠం మరొకటి. పలికినది పలికినట్టుగా మొదటిది నిలుపుతుంది. విన్నవారు విడదీసుకున్నది రెండవది చూపుతుంది. రెండూ పక్కపక్కనే నిలిచాయి, ఒకటి రెండవదాన్ని తుడిచివేయలేదు.

తెలుగు వాక్సేకరణలకు కూడా ఇటువంటి రెండంచెల పాఠం కావాలి. మొదటి అంచెలో సంధి, సరళాదేశం, మాండలిక ధ్వని యథాతథంగా ఉండాలి. రెండవ అంచెలో పదచ్ఛేదం ఉండాలి. యంత్రాన్ని తూచేటప్పుడు ‘వస్తాడు అని, వస్తాడని’ వంటి వైకల్పిక రూపాలను సమానంగా చూసి, ‘కాల్ చేశాడు, కాల్చేశాడు’ వంటి అర్థభేదక రూపాలను దోషంగా లెక్కించాలి. ఏ సంధి వైకల్పికమో, ఏ విభజన అర్థభేదకమో నిర్ణయించడానికి సంధి ప్రకరణం, యతి చర్చ, మాండలిక అధ్యయనం మూడూ తెలిసినవారు కావాలి. ఆ పరిజ్ఞానం ప్రధానంగా తెలుగు శాఖల్లోనే ఉంది.

బోధనలో చేయవలసిన మార్పు ఇంతకన్నా చిన్నది. సంధి పాఠంలో ‘విడదీయండి’ అన్న అభ్యాసం ఇప్పటికే ఉంది. విడదీసిన తరువాత, ఏ ఆధారంతో విడదీయగలిగారన్న ప్రశ్నను దానికి చేర్చితే చాలు. ‘తల్లిదండ్రులు’ను ద-కారం వల్ల, ‘పాల్లేవు’ను పదకోశం వల్ల, ‘కాల్ చేశాడు’ను సందర్భం వల్ల విడదీశామని విద్యార్థి చెప్పగలిగిన రోజున, సంధి ప్రకరణం మాట్లాడేవారి నోటితో పాటు వినేవారి చెవికీ చెందుతుంది.